ఐదు పాత కంప్యూటర్లు, మా ఊరి గ్రంథాలయం: ఒక సెటప్ డైరీ

అక్టోబరు 5, 2025, ఆదివారం

మా ఊరి గ్రంథాలయానికి ఇవాళ ఐదు కంప్యూటర్లు వచ్చాయి. నాలుగు హైదరాబాద్‌లో ఒక ఆఫీసు వాళ్లు కొత్తవి కొనుక్కుని తీసేసినవి. ఐదోది మాక్ మినీ. డాలస్‌లో స్థిరపడిన మా ఊరాయన వేసవిలో వచ్చినప్పుడు సూట్‌కేసులో పెట్టుకొచ్చి ఇచ్చారు. అన్నిటినీ తెనాలి నుంచి ఆటోలో, గోనెసంచుల మధ్య సర్ది తెచ్చాం. గ్రంథాలయోద్యమ పితామహుడు అయ్యంకి వెంకటరమణయ్య గారి ఫొటో కింద ఉన్న పొడవాటి బల్ల మీద వరుసగా పెట్టాక మాస్టారు అడిగారు, "వారోత్సవాలకి అందుతాయంటావా?" అని.

జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు నవంబరు 14న మొదలవుతాయి. నేను విజయవాడలో ఉద్యోగం చేస్తాను, ఊరికి వచ్చేది ఆదివారాలే. ఇంకా ఐదు ఆదివారాలున్నాయి. "అందుతాయి మాస్టారూ" అన్నాను.

ఒక్కొక్కటీ మూత తీసి చూసి రాసుకున్నాను. 1, 2, 3 నంబర్లు ఇంటెల్ ఐ5, ఆరో తరానివి. నాలుగోది ఐ3, ఎనిమిదో తరం. ఈ నాలుగింటికీ ర్యామ్ 8 జీబీ. మాక్ మినీ 2014 చివర్లో వచ్చిన మోడల్, 4 జీబీ ర్యామ్. దాని ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది, పెంచడానికి వీల్లేదు.

ఏ ఆపరేటింగ్ సిస్టం పెట్టుకోవడం సులువు అని ఎవరినడిగినా నిమిషాల్లో చెబుతారు. పావుగంట, అరగంట అని. నాకు కావలసింది ఆ లెక్క కాదు. నేను విజయవాడలో ఉన్న రోజున మిషన్ పాడైతే లైబ్రరీ అక్క ఒక్కతే మళ్లీ మొదటి నుంచీ పెట్టుకోగలదా? పెట్టుకున్నాక తెలుగులో ఒక పేజీ టైప్ చేసి ప్రింట్ తీయగలదా? అక్కడిదాకా వస్తేనే సెటప్ అయినట్టని నోట్‌బుక్కు మొదటి పేజీలో రాసుకున్నాను. అక్క డిగ్రీ చదివింది, ఫోను బాగా వాడుతుంది. పెళ్లికి ముందు ఆరు నెలలు డీటీపీ నేర్చుకుంది. ఆపరేటింగ్ సిస్టం మాత్రం ఎప్పుడూ ఇన్‌స్టాల్ చేయలేదు. నాకు సరిగ్గా కావలసింది అలాంటి మనిషే.

అక్టోబరు 12, ఆదివారం

ఇవాళంతా దుమ్ము, స్క్రూలు. నాలుగింట్లోనూ పాత హార్డ్ డిస్కులు తీసి, లోపల తిరిగే భాగాలు లేని 240 జీబీ ఎస్‌ఎస్‌డీ డిస్కులు బిగించాను. యువజన సంఘం వాళ్లు వేసిన చందా దీనికే సరిపోయింది. పాత మిషన్‌కి ఒక్క పని మాత్రమే చేయించగల స్తోమత ఉంటే ఇదే చేయించండి. విండోస్ పెట్టినా లైనక్స్ పెట్టినా మనం ఎదురుచూసే సమయం ఎక్కువగా ఆ తిరిగే డిస్కు దగ్గరే పోతుంది.

రెండో నంబరు గడియారం 2017 చూపిస్తోంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయింది. ఇది చిన్న విషయం అనుకుని వదిలేయకూడదు. తేదీ తప్పుగా ఉంటే సెక్యూరిటీ సర్టిఫికెట్ల గడువు కలవదు, బ్రౌజర్‌లో సైట్లు తెరుచుకోవు. నెట్ పాడైందనుకుని రోజంతా వెతుక్కుంటాం. కొత్త సీఆర్2032 వేశాక సరిపోయింది.

ఇక ఏది పెట్టాలన్నది. నాలుగింట్లోనూ వచ్చింది విండోస్ 10. ఎల్లుండి 14వ తేదీతో మైక్రోసాఫ్ట్ దానికి మామూలు అప్‌డేట్‌లు ఆపేస్తోంది. పేరు నమోదు చేసుకున్న ఇంటి కంప్యూటర్లకు 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్‌లు వస్తాయి కానీ, అది ఏడాది వాయిదా మాత్రమే. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా భాగం ఉండాలి. ఆ లెక్కన నాలుగో నంబరు ఒక్కటే అర్హత ఉన్నది. ఆరో తరం మిషన్లలో కూడా ఆ తనిఖీని తప్పించి విండోస్ 11 ఎక్కించే దారులున్నాయి. కానీ అలా ఎక్కించిన వాటికి అప్‌డేట్‌లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. నా సొంత మిషన్ అయితే ప్రయత్నించేవాణ్నేమో. ఊరందరూ వాడే చోట ఆ పని చేయను.

కాబట్టి 4కి విండోస్ 11. 1, 2, 3కి లైనక్స్, అంటే డబ్బు కట్టకుండా ఎవరైనా పెట్టుకోగల ఆపరేటింగ్ సిస్టం. మాక్ సంగతి తర్వాత.

లైనక్స్‌లో రెండు రకాలు, మింట్ 22.2, ఉబుంటు 24.04, విజయవాడ ఇంట్లోనే దించుకున్నాను. మింట్ ఫైలు దాదాపు 2.9 జీబీ, ఉబుంటుది దాదాపు 6. ఊళ్లో మాకున్నది ఫోన్లలో రోజుకి 2 జీబీ ప్యాకే. సెటప్ ఎంత సులువో చెప్పేవాళ్లు ఈ లెక్క ఎప్పుడూ చెప్పరు. మాకు మాత్రం మొదటి ప్రశ్న ఇదే.

దించుకున్న ఫైలు అసలుదో కాదో సరిచూసుకున్నాను. 2016 ఫిబ్రవరిలో మింట్ సైట్‌లోకి ఎవరో చొరబడి డౌన్‌లోడ్ లింకును దొంగ ఫైలుకి తిప్పేశారు. అప్పటి నుంచి నాకు ఇది అలవాటైపోయింది. సైట్‌లో ఇచ్చిన ఎస్‌హెచ్‌ఏ256 సంఖ్యను (ఫైలుకి వేలిముద్ర లాంటిది) నా దగ్గర ఫైలుకి వచ్చిన సంఖ్యతో పక్కపక్కన పెట్టి చూడటమే. రెండు నిమిషాల పని.

అక్టోబరు 19, ఆదివారం

రేపు దీపావళి. బయట పిల్లలు అప్పుడే సీమటపాకాయలు మొదలుపెట్టారు. లోపల నాలుగో నంబరు మీద విండోస్ 11.

9:40కి పెన్‌డ్రైవ్ పెట్టాను. ఈ పీసీలో విండోస్ 11 నడవదని తెర మీద వచ్చింది. ఎనిమిదో తరం కదా, ఎందుకు నడవదు? కారణం బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు లేచే బోర్డు సెట్టింగ్స్‌లో ఉంది. టీపీఎం ఆఫ్‌లో ఉంది. దాన్ని ఆన్ చేద్దామని వెతికితే బయోస్‌లో టీపీఎం అన్న మాటే లేదు. ఇంటెల్ తన చిప్‌లో ఉన్నదాన్ని పీటీటీ అంటుంది. ఆ మూడక్షరాలు తెలియకపోతే మెనూలన్నీ తిరిగి తిరిగి మూసేస్తాం. అది ఆన్ చేసి, నమ్మదగిన సిస్టంనే లేవనిచ్చే సెక్యూర్ బూట్ కూడా ఆన్ చేశాక దారి తెరుచుకుంది. గంటకి పది నిమిషాలు తక్కువ, అంతసేపూ ఇక్కడే గడిచింది. అక్క పక్కనే కూర్చుని చూస్తోంది. "ఇది నేనొక్కదాన్నే అయితే పట్టుకునేదాన్ని కాదు తమ్ముడూ" అంది. ఆ మాట అలాగే రాసుకున్నాను.

ఆ తర్వాత పని వేగంగా జరిగింది. ఫైళ్లు ఎక్కడానికి 14 నిమిషాలు. లైసెన్స్ కీ అడగలేదు, అది బోర్డులోనే ఉంది కాబట్టి దానంతటదే తీసుకుంది. దేశం, కీబోర్డు, తర్వాత నెట్. ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ ఆన్ చేస్తే వెంటనే పట్టుకుంది.

అప్పుడు మైక్రోసాఫ్ట్ అకౌంట్ అడిగింది. ఇక్కడ చాలాసేపు ఆగి ఆలోచించాం. ఇంట్లో ఒక మనిషి వాడుకునే కంప్యూటర్‌కి ఇది పెద్ద ప్రశ్న కాదు. గ్రంథాలయానికి ఎవరి అకౌంట్ పెట్టాలి? ఓటీపీ ఎవరి ఫోన్‌కి రావాలి? నా అకౌంట్ ఇచ్చేస్తే ఇవాళ్టికి పని అయిపోతుంది. కానీ ఇప్పటి విండోస్ 11ని కొత్తగా పెట్టి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా మిషన్లలో డిస్కు మొత్తం దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. దాని రికవరీ కీ ఆ అకౌంట్‌లోనే ఉంటుంది. రేపు ఏదైనా జరిగి మిషన్ ఆ కీ అడిగితే, అకౌంట్ నాదైతే అక్క చేతులు కట్టేసినట్టే. అందుకే గ్రంథాలయం పేరుతో కొత్త అకౌంట్ తెరిచాం. ఫోన్ నంబరు అక్కది. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, కవరులో పెట్టి, మాస్టారి సంతకంతో బీరువాలో దాచాం. ఆ రికవరీ కీ కూడా ప్రింట్ తీసి అదే కవరులో పెట్టాలి. ఇది చేయకుండా సెటప్ అయిపోయిందని ఎవరూ అనుకోవద్దు, దయచేసి.

తర్వాత అనుమతుల పేజీలు. మిషన్ ఎక్కడుందో తెలుసుకోవచ్చా, ప్రకటనల ఐడీ వాడుకోవచ్చా, ఇలాంటివి ఒకదాని వెనక ఒకటి. అక్క ప్రతి ఒక్కటీ చదివి, అర్థం అడిగి, వద్దనే నొక్కింది. నేనైతే చదవకుండా నొక్కేసేవాణ్ని. చదివి నొక్కడమే సరైన పద్ధతి.

అప్‌డేట్‌లకు గంటా యాభై నిమిషాలు, మూడు సార్లు రీస్టార్ట్. నా ఫోనులో డేటా అయిపోయి అదనపు ప్యాక్ వేశాను.

తెలుగు మాత్రం ఎంత హాయిగా వచ్చిందో. సెట్టింగ్స్‌లో భాషలకి వెళ్లి తెలుగు కలిపితే ఇన్‌స్క్రిప్ట్ (ఒక్కో కీకి ఒక్కో తెలుగు అక్షరం), ఫొనెటిక్ (ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు వచ్చేది) రెండు కీబోర్డులూ ఉన్నాయి. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే ఇంగ్లీషు నుంచి తెలుగుకి మారుతుంది. అక్క ఫొనెటిక్‌లో రెండు నిమిషాల్లో తన పేరు కొట్టింది. పాత గౌతమి ఫాంటు కూడా తెలుగు అదనపు ఫాంట్లతో కలిసి వచ్చేసింది.

చివర్లో పెన్‌డ్రైవ్‌లో ఉన్న పుస్తకాల పట్టిక తెరిచాం. 2009లో తెనాలిలో డీటీపీ చేయించినది, 3,400 పుస్తకాల పేర్లు. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. అది యూనికోడ్ (ప్రతి తెలుగు అక్షరానికీ అన్ని మిషన్లలో ఒకే కోడ్ ఉండే పద్ధతి) కాని డీటీపీ ఫాంటులో కొట్టిన ఫైలు. లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల కోడ్‌లే, ఆ ఫాంటు వాటికి తెలుగు బొమ్మలు తొడుగుతుంది అంతే. ఏ ఆపరేటింగ్ సిస్టం పెట్టినా ఇది ఇలాగే కనిపిస్తుంది. అక్క ముఖం చిన్నబోయింది. యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు, నా మీద వదిలేయమన్నాను.

అక్టోబరు 26, ఆదివారం

ఒకటో నంబరు మీద ముందు ఉబుంటు. బాగా నడిచింది, ఏ గొడవా లేదు. అయితే అక్క కింద ఎడమ మూలలో స్టార్ట్ బటన్ కోసం వెతుక్కుంది, అక్కడ ఆమె అనుకున్న మెనూ కనిపించలేదు. మింట్‌లో మెనూ సరిగ్గా ఆ మూలలోనే ఉంటుంది. నిర్ణయం అక్కడే అయిపోయింది.

మింట్‌లో నాకు అన్నిటికంటే నచ్చేది ఇది. ఎఫ్12 నొక్కి పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే, డిస్కు మీద ఒక్క అక్షరం రాయకుండానే డెస్క్‌టాప్ మొత్తం తెర మీదికి వస్తుంది. స్పీకరు మోగుతోందా, నెట్ వస్తోందా, తెర సైజు సరిగ్గా ఉందా, అన్నీ ముందే చూసుకోవచ్చు. పెళ్లిచూపులప్పుడు అన్నీ అడిగి తెలుసుకున్నట్టు. ఇద్దరు ఎనిమిదో తరగతి పిల్లలు అరగంట ఆడుకున్నారు. తర్వాతే ఇన్‌స్టాల్ బొమ్మ నొక్కాం.

ప్రశ్నలు ఆరే. భాష, కీబోర్డు, పాటలూ వీడియోల కోడెక్‌లు కావాలా, డిస్కులో ఎక్కడ పెట్టాలి, ఏ ఊరి సమయం, మీ పేరేంటి. మొదట భాష తెలుగు ఎంచుకున్నాం. కొన్ని మాటలు తెలుగులో, కొన్ని ఇంగ్లీషులో వచ్చాయి. తెలుగులో వచ్చినవి కూడా అక్కకి కొత్తగా ఉన్నాయి, మాకు ఫోన్లలో అలవాటైన మాటలు అవి కావు. వెనక్కి వెళ్లి ఇంగ్లీషు పెట్టుకుంది. మొత్తం 19 నిమిషాలు. అకౌంట్ అడగలేదు, లైసెన్స్ అడగలేదు, నెట్ లేకుండానే పూర్తయింది.

కష్టం తర్వాత వచ్చింది. మేం కొన్న చిన్న యూఎస్‌బీ వైఫై ముక్క విండోస్‌లో డ్రైవర్ వేస్తే పని చేసింది. మింట్‌లో చేయలేదు. ఫోన్ టెథరింగ్ మాత్రం కేబుల్ పెట్టగానే వచ్చింది. ఆ ముక్కను విండోస్ మిషన్‌కే ఉంచేశాను.

తెలుగు టైపింగ్ ఇంకో గంటన్నర తినేసింది. ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ కీబోర్డు సెట్టింగ్‌లో కలపడం సులువే. కానీ ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు రావాలంటే ఐబస్ అనే టైపింగ్ సాఫ్ట్‌వేర్, దానికి ఎం17ఎన్ ప్యాకేజీ వేసి, అందులో ఆర్‌టీఎస్ అనే పద్ధతి ఎంచుకోవాలి. అన్నీ చేశాను, తెలుగు రాలేదు. తీసేసి మళ్లీ వేశాను, రాలేదు. చివరికి గుర్తొచ్చింది, ఒకసారి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలని. తప్పు నాదే. విండోస్‌లో రెండు నిమిషాల్లో అయిన పని ఇక్కడ ఇంతసేపు పట్టిందన్నది మాత్రం నిజం, దాన్ని దాచను. అడుగులన్నీ వరుసగా కాగితం మీద రాసి బల్లకి అంటించాను.

నవంబరు 2, ఆదివారం

మొంథా తుఫాను 28 రాత్రి తీరం దాటింది. ఊళ్లో కరెంటు రెండు రోజులు లేదు. గోడ వారన కారిందట. అక్క, మాస్టారు కలిసి కంప్యూటర్లన్నీ బీరువా పైకెక్కించి పట్టా కప్పారు. ఒక్కదానికీ చెమ్మ తగల్లేదు. వాళ్లిద్దరికీ దండం.

ఈ వారం మాక్ మినీని నాతో విజయవాడ తీసుకెళ్లాను. కొత్త మాక్ పెట్టె తెరిచి సెట్ చేసుకోవడం కంటే సులువైనది నేను చూడలేదు. భాష, వైఫై, యాపిల్ అకౌంట్, అంతే. హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్ చేసేది ఒకరే కాబట్టి డ్రైవర్ అన్న మాటే వినపడదు. పదకొండేళ్ల మాక్‌ని తుడిచి మళ్లీ మొదలుపెట్టడం వేరే సంగతి. పెన్‌డ్రైవ్ తయారు చేసుకునే యాపిల్ కమాండ్ ఇంకో మాక్‌లోనే నడుస్తుంది. మా ఊళ్లో ఇంకో మాక్ లేదు. మిగిలిన దారి నెట్ ద్వారా రికవరీ. ఆన్ చేయగానే ఆప్షన్, కమాండ్, ఆర్ కలిపి పట్టుకోవాలి. మాకున్నది మామూలు కీబోర్డు, అందులో ఆల్ట్, విండోస్ కీ ఆ పని చేస్తాయి. తిరిగే భూగోళం కనిపించినప్పుడు నిజంగా సంతోషం వేసింది. ఆ మోడల్‌కి అందే చివరి వెర్షన్ మాంటెరీ, 12 జీబీ దాకా దిగాలి. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లవారాక పూర్తయింది. ఊళ్లో అయితే వారం రోజుల ప్యాక్ అది.

తెలుగు అక్షరాలు మాక్ తెర మీద చాలా అందంగా ఉంటాయి, మాస్టారు కళ్లద్దాలు తీసి మరీ చూశారు. కానీ మాంటెరీకి 2024 జూలై తర్వాత భద్రతా అప్‌డేట్‌లు లేవు. విండోస్ 10ని ఏ కారణంతో తీసేశామో అదే కారణం ఇక్కడా ఉంది. ఒకదానికి ఒక న్యాయం, ఇంకోదానికి ఇంకో న్యాయం పెట్టలేను. సాయంత్రం ఆప్షన్ కీ పట్టుకుని మింట్‌లో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం పెన్‌డ్రైవ్‌తో లేపాను. దాని వైఫైకి బ్రాడ్‌కామ్ డ్రైవర్ కావాలి. ఫోన్ కేబుల్‌తో నెట్ ఇచ్చి, డ్రైవర్ మేనేజర్‌లో ఎంచుకుంటే వచ్చింది. లోపలి డిస్కు పాతదే కాబట్టి నెమ్మది. పుస్తకాల పట్టిక చూసుకోవడానికి చాలు. డాలస్ ఆయనకి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "పిల్లలు వాడుతున్నారా లేదా, అదే చెప్పు" అన్నారు.

నవంబరు 9, ఆదివారం

అసలు పరీక్ష ఇవాళే. రెండు, మూడు నంబర్ల మీద మింట్ అక్క ఒక్కతే పెట్టాలి. నేను కుర్చీ వెనక్కి జరుపుకుని చేతులు కట్టుకు కూర్చున్నాను.

రెండో నంబరు 41 నిమిషాలు. రెండు చోట్ల ఆగింది. ఎఫ్12 ఎప్పుడు నొక్కాలో మొదటిసారి అందలేదు, మిషన్ ఖాళీ డిస్కు వెతుక్కుంటూ నల్లతెర చూపించింది. మళ్లీ ఆన్ చేస్తూనే టకటకా నొక్కమని చెప్పాల్సి వచ్చింది. రెండోది, డిస్కు మొత్తం తుడిచేస్తానన్న పేజీ. వేలు మౌస్ మీద ఉంది, నొక్కదు. "ఇందులో ఎవరివైనా ఫొటోలు ఉంటే?" అంది. అడగాల్సిన ప్రశ్నే అది. ఏ ఇన్‌స్టాలర్ అయినా ఇక్కడ మనిషిని భయపెట్టడమే మంచిది. కొత్త ఎస్‌ఎస్‌డీ అని గుర్తు చేశాక నొక్కింది.

మూడో నంబరు 23 నిమిషాలు. నన్ను ఒక్క మాట అడగలేదు. తెలుగు టైపింగ్ కూడా బల్ల మీద కాగితం చూసి తనే పెట్టేసింది, లాగౌట్‌తో సహా.

ఇక ప్రింటర్. మాస్టారి ఇంటి నుంచి తెచ్చిన పాత లేజర్ ప్రింటర్ విండోస్‌లో కేబుల్ పెట్టిన నాలుగు నిమిషాలకి పని చేసింది. మింట్‌లో రెండు గంటలు కూర్చున్నాను. మింట్‌లో ప్రింటింగ్ పని చూసేది కప్స్ అనే సాఫ్ట్‌వేర్, మాక్‌లో కూడా అదే ఉంటుంది. కొత్త ప్రింటర్లతో డ్రైవర్ లేకుండానే మాట్లాడుతుంది. ఈ పాతదానికి తయారీదారు ఇచ్చే డ్రైవర్ తప్పనిసరి, అది ఈ మింట్ మీద ఎక్కలేదు. వదిలేశాను. నాలుగో నంబరులో ఒక ఫోల్డర్ షేర్ చేసి, మిగతా మిషన్ల వాళ్లు పీడీఎఫ్ చేసి అందులో పెట్టేలా, ప్రింట్ అక్కడి నుంచి తీసేలా ఏర్పాటు చేశాను. ఐదు మిషన్లనీ కలపడానికి ఒక్క నెట్‌వర్క్ స్విచ్, నాలుగు వందల రూపాయల కేబుల్. ఇది నాకు పూర్తిగా నచ్చిన పరిష్కారం కాదు. అయినా పని జరుగుతోంది.

నన్నెవరైనా ఇప్పుడు అడిగితే నా జవాబు ఇది. ఖాళీ డిస్కు నుంచి డెస్క్‌టాప్ దాకా మింట్‌దే సులువైన దారి, దగ్గరలో దానికి పోటీ లేదు. డెస్క్‌టాప్ నుంచి తెలుగు టైపింగ్, ప్రింటర్ దాకా విండోస్‌ది సులువు. మాక్ కొత్తదై, మనిషి ఒక్కరే అయితే రెండూ సులువే. మా గ్రంథాలయానికి మొదటి సగం ఎక్కువ విలువైనది, ఎందుకంటే రెండో సగం ఒక్కసారి కాగితం మీద రాసి పెట్టుకుంటే సరిపోతుంది.

నవంబరు 14, శుక్రవారం

సెలవు పెట్టి వచ్చాను. పుస్తకాల పట్టికలో 1,200 పేర్లు యూనికోడ్‌లోకి మార్చడం అయింది. మార్చే సాఫ్ట్‌వేర్ ఒత్తులను అక్కడక్కడా తారుమారు చేస్తోంది, ఒక్కొక్కటీ చూసి దిద్దాలి. ఏడో తరగతి పిల్ల మూడో నంబరులో "చలం" అని వెతికితే నాలుగు పుస్తకాలు, వాటి బీరువా నంబర్లతో సహా వచ్చాయి. ఆ పేజీ నాలుగో నంబరు నుంచి ప్రింట్ తీసి అక్క నోటీసు బోర్డుకి గుచ్చింది.

నవంబరు 23, ఆదివారం

మధ్యలో ఒక్క ఫోను రాలేదు. వెళ్లి చూస్తే రెండో నంబరు కొత్తగా ఉంది, నేను పెట్టిన వాల్‌పేపర్ లేదు. ఏమైందక్కా అంటే, బుధవారం ఎవరో పిల్లాడు పాస్‌వర్డ్ మార్చి మర్చిపోయాడట. లోపల పోయేవేమీ లేవు, ఫైళ్లన్నీ నాలుగో నంబరు ఫోల్డర్‌లో ఉన్నాయని చూసుకుని, మధ్యాహ్నం భోజనానికి ముందు మొదటి నుంచీ పెట్టేసిందట. "నీకెందుకు చెప్పడం, ఆఫీసులో ఉంటావు కదా అని" అంది. మింట్ పెన్‌డ్రైవ్ మీద తెల్ల ప్లాస్టర్ అంటించి, దాని మీద నీలి పెన్నుతో "ఎఫ్12, టకటకా" అని రాసుకుంది.